పాత ఫ్రేమా, క్రొత్త ఫ్రేమా?

కళాశాల వార్షిక సంచికకు పూర్వ విద్యార్థులు కూడ వ్యాసములు పంపవచ్చునని కబురు అందినప్పుడు నాకు మొదట సంకోచము కలిగింది. నేను కవిని కాను, పండితుణ్ణి కాను. ఈ కళాశాలలో భౌతికశాస్త్రము చదువుకొని, పిమ్మట అమెరికా వచ్చి, పెన్సిల్వేనియా రాష్ట్రములోని యార్క్ పట్టణములో స్థిరపడి, ఒక కర్మాగారములో ఇనుప వస్తువులలోని పగుళ్లను కనిపెట్టే ఉద్యోగము చేసుకొంటున్నవాణ్ణి. ఇక్బాల్ గురించి, వేమన గురించి వ్రాయగల మిత్రులు మన ఉర్దూ, తెలుగు విభాగములలో ఎందరో ఉన్నారు. నాకు తెలిసినది సైకిలు. కాబట్టి సైకిలు గురించే వ్రాస్తున్నాను.

గత సంవత్సరము మా అబ్బాయికి ఒక సైకిలు ఫ్రేము కొనవలసి వచ్చింది. పాతది కొనాలా, క్రొత్తది కొనాలా అన్న ప్రశ్న మా ఇంట్లో మూడు నెలలు నడిచింది. ఇందులో ఇంత వ్రాయవలసినది ఏమున్నదని మీరనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకొన్నాను.

ముందుగా ఆ ఆట ఏమిటో చెప్పాలి. బి.ఎమ్.ఎక్స్. అనే ఇరవై అంగుళాల చక్రముల చిన్న సైకిలును మన విద్యార్థులు చూచే ఉంటారు. మోటారు సైకిలు పందెములను అనుకరిస్తూ దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు 1970 ప్రాంతములో తమ చిన్న సైకిళ్లతో మట్టి దారులలో పందెములు వేసుకొన్నారు. అక్కడ పుట్టింది ఆ సైకిలు. 1971లో వచ్చిన "ఆన్ ఎనీ సండే" అనే డాక్యుమెంటరీ చిత్రము ఆ పిల్లలతోనే మొదలవుతుంది. పిమ్మట కొందరు పందెము మాని, అదే సైకిలుతో విన్యాసములు చేయసాగారు. స్పీల్‌బర్గ్ 1982లో తీసిన "ఇ.టి." చిత్రములో సైకిలు సాహసములు చేసినవారిలో ఒకడైన బాబ్ హారో, విన్యాసముల కోసమే ప్రత్యేకముగా ఫ్రేములు చేయించిన తొలివారిలో ఒకడు. ఆ విన్యాసములలో ఒక శాఖ ఫ్లాట్‌లాండ్. దీనికి గోడలు వద్దు, దిబ్బలు వద్దు, గాలిలోకి ఎగరడము వద్దు. చదునైన నేల ఉంటే చాలు. ఇరుసుల రెండు కొనలకు బిగించిన గుండ్రని లోహపు మొట్టెల మీద నిలబడి, ఒకే చక్రము మీద సైకిలును నడుపుతూ, తిప్పుతూ, దాని మీదుగా కాళ్లు దాటిస్తూ, నేలకు పాదము తగలనీయకుండ సాగిపోవాలి. చూచేవారికి నాట్యము వలె ఉంటుంది. చేసేవానికి మోకాలి చిప్పల మీద చర్మము మిగలదు.

మేమున్న యార్క్ పట్టణము ఈ ఆటకు ఒక పుణ్యక్షేత్రము వంటిదని నాకు చాలకాలము తెలియదు. 1980లలో ఈ ఊరి కుర్రవాళ్లు "ప్లైవుడ్ హుడ్స్" అని తమకు తామే పేరు పెట్టుకొని ఇక్కడి వాహనములు నిలిపే స్థలములలో రాత్రింబగళ్లు సాధన చేసేవారట. వారిలో కెవిన్ జోన్స్ అనే అతడు ఆట స్వరూపమునే మార్చివేశాడు. అంతవరకు ఫ్లాట్‌లాండ్ అంటే బ్రేకు నొక్కిపట్టి, సైకిలును ఒకచోట నిలబెట్టి, దాని మీద గెంతుతూ భంగిమలు పట్టడము. జోన్స్, అతని మిత్రులు బూటు అడుగుతో టైరును నెట్టుకొంటూ, ఒకే చక్రము మీద ఆగకుండ దొర్లిపోయే విన్యాసములు కల్పించారు. "డార్కిన్ ఇన్ యార్క్" అనే వీడియో టేపుల వలన అవి ఇతర దేశముల వరకు ప్రాకాయి. ఇదంతా మా అబ్బాయి చెబితేనే నాకు తెలిసింది. పొరుగింటి గొప్పతనము పరాయివాడు చెబితే తెలిసినట్లు.

వానికి పదునేడేండ్లు. మూడేండ్లుగా అదే ఊరిలో, ఒక మూతపడిన దుకాణము ముందున్న తారునేల మీద సాధన చేస్తున్నాడు. వాని సైకిలు ఫ్లాట్‌లాండ్ కోసము చేసినది కాదు. పొడవుగా, బరువుగా ఉన్న వీధి సైకిలు. దాని చక్రములు, చిమటా, పెడలు క్రాంకులు ఒక్కొక్కటిగా మంచివి మార్చుకొన్నాడు. మిగిలినది ఫ్రేము. "అబ్బా, ఇక ఫ్రేము ఒక్కటే అడ్డు" అన్నాడు ఒక సాయంత్రము. నేను సరేనన్నాను.

అక్కడ సాధన చేసేవారిలో నా ఈడు పెద్దమనిషి ఒకడున్నాడు. గడ్డము నెరిసింది. 1980లలో ఈ ఊరిలోనే తొక్కిన తరము. అతని దగ్గర ఆ కాలపు ఫ్రేము ఒకటి అమ్మకమునకు ఉన్నది. చూడబోయాను. గ్యారేజీలో మేకుకు వ్రేలాడుతున్నది. నిలువెల్లా క్రోము పూత. సీటు గొట్టము వెనుక కాలు మోపుకొనేందుకు చిన్న తిన్నె. బల్బు వెలుగులో అది మెరుస్తూ ఉంటే నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకొన్నది. అతడు 650 డాలర్లు అడిగాడు. క్రొత్త ఫ్రేము 400 డాలర్లకు వస్తుంది. అయినా నేను బేరమాడలేదు. ఆలోచించి చెబుతానన్నాను కాని, మనస్సులో అప్పుడే కొనివేశాను.

ఇంటికి వచ్చి పాతదానిని సమర్థిస్తూ మా అబ్బాయికి ఉపన్యాసము ఇచ్చాను. అది కూడ 4130 ఉక్కే కదా అన్నాను. (41 అంటే క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు జాతి. 30 అంటే అందులో కర్బనము నూటికి 0.30 వంతు. నేటి క్రొత్త ఫ్రేములకూ అదే ఉక్కు వాడుతున్నారు.) ఆనాటి పనితనము వేరన్నాను. చరిత్ర గల వస్తువన్నాను. వాడు ఓపికగా విని, "అబ్బా, మీరు ఇంజనీరింగు మాట్లాడటము లేదు" అన్నాడు. నాకు కోపము వచ్చింది. కొలిచి చూద్దామన్నాను.

మరుసటి ఆదివారము ఇద్దరము టేపు, కోణమాపిని, తూనిక పట్టుకొని ఆ పెద్దమనిషి గ్యారేజీకి వెళ్లాము. అతడు తన క్రొత్త ఫ్రేము కూడ పక్కన పెట్టి ఇచ్చాడు. ఇక్కడ ఒక విషయము నాకు ఆలస్యముగా తట్టింది. అతడు పాతదానిని అమ్ముతున్నాడు, తొక్కుతున్నది మాత్రము క్రొత్తదానిని.

పాతది 2.7 కిలోలు తూగింది, క్రొత్తది 1.9 కిలోలు. పెడళ్ల ఇరుసు నుండి వెనుక చక్రపు ఇరుసు దాకా పాతదానిలో 14.75 అంగుళాలు, క్రొత్తదానిలో 13. ఒకటిముప్పాతిక అంగుళము అటూ ఇటూ అయితే ఏమి అనిపిస్తుంది. కాని ఒక్క చక్రము మీద సైకిలును బొంగరము వలె త్రిప్పేటప్పుడు బరువు ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలికగా తిరుగుతుంది. చేతులు చాచి తిరుగుతున్నవాడు చేతులు దగ్గరకు తీసుకొంటే వేగము పెరుగుతుందని మన పాఠ్యపుస్తకములో ఉన్నదే. పైగా ఫ్రేము చిన్నదైతే, నడుస్తున్న సైకిలు చుట్టూ ఆడేవాడు కాలు దాటించుకొని ఒక వైపు నుండి మరొక వైపుకు పోవడానికి చోటు చిక్కుతుంది.

భౌతికశాస్త్రపు విద్యార్థులకు అంతకంటే ముచ్చటైన సంగతి చిమటా దగ్గర ఉన్నది. హ్యాండిలు తిరిగే గొట్టము యొక్క రేఖను ఊహలో నేల దాకా పొడిగించండి. అది నేలను తాకే చోటు ఒకటి, టైరు నేలను తాకే చోటు మరొకటి. ఈ రెంటి నడుమ ఉండే దూరమే సైకిలు తిన్నగా పోవడానికి సాయపడే ముఖ్య కారణములలో ఒకటి. పాత ఫ్రేములో ఆ గొట్టము వాలు 74 డిగ్రీలు. దానికి తగిన పాత చిమటా ఇరుసును ఆ రేఖకు 35 మిల్లీమీటర్లు ముందుకు నెట్టి ఉన్నది. లెక్క కడితే ఆ దూరము సుమారు 35 మిల్లీమీటర్లు వచ్చింది. మామూలు సవారీకి బాగున్నది. అయితే ఫ్లాట్‌లాండ్‌లో సగము వేళ చిమటా వెనుకకు తిరిగి ఉంటుంది. అప్పుడు అదే దూరము సుమారు 108 మిల్లీమీటర్లవుతుంది. అంటే హ్యాండిలు ఒకసారి పూర్తిగా వెనుకకు తిప్పగానే చేతికింద ఉన్నది వేరే సైకిలన్నమాట! మా అబ్బాయి చిమటాకు ఆ ముందుకు నెట్టడము అసలే లేదు. 75 డిగ్రీల క్రొత్త ఫ్రేములో దానిని పెడితే ముందుకున్నా వెనుకకున్నా సుమారు 67 మిల్లీమీటర్లే. ఏ వైపు తిరిగినా ఒకే స్వభావము.

అప్పుడు నాకు అర్థమైనది ఇది. పాత ఫ్రేము చెడ్డది కాదు. అది వేరొక ఆట కోసము చేసినది. బ్రేకు పట్టి సైకిలును నిలబెట్టి, ఆ తిన్నె మీద కాలు మోపి గెంతే రోజులలో ఆ పొడవు, ఆ బరువు స్థిరత్వమునిచ్చాయి. దొర్లే ఆట వచ్చిన తరువాత అవే బరువైనాయి. ఫ్రేములో వారు ఆనాడు ఏమి చేయదలచుకొన్నారో అంతా వ్రాసి ఉన్నది. పాత విన్యాసములనే ఇష్టముగా ఆడుకొనేవారు, పాత సైకిళ్లను యథాతథముగా నిలిపి చూచుకొని మురిసేవారు ఈ దేశములో చాలమంది ఉన్నారు. వారి సంతోషమును నేను తక్కువ చేయను. కాని మూడేండ్లుగా దొర్లే ఆట నేర్చుకొంటున్న కుర్రవానికి ఆ ఫ్రేము కొనిపెట్టడము, గజల్ నేర్చుకొంటున్నవానికి డోలు కొనిపెట్టడమే.

ఇక విడిభాగముల సంగతి. పాతదాని తలగొట్టము ఒక అంగుళపు మరల చిమటాకే సరిపోతుంది. వాని దగ్గర ఉన్నది ఒకటింబాతిక అంగుళానికి కొంచెము తక్కువైన నేటి కొలత. పాతదాని పెడళ్ల గూడు పెద్దది, ఒకే ముక్కగా వంచిన క్రాంకు కోసము చేసినది. వాడు కూడబెట్టుకొన్న భాగములలో సగము మూలన పడతాయి. ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అన్నీ తెలిసి కూడ నేను, "అయినా పాతది కొందాము, క్రొత్తది కూడ తరువాత చూద్దాము" అన్నాను. కారులో వాడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇది నాకా, మీకా అబ్బా?" అని అడిగాడు. వాడు ఎత్తిపొడవలేదు, నిజముగానే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు.

జవాబు కడపలో ఉన్నది.

ఏడురోడ్ల కూడలికి కొంచెము దూరములో మా అబ్బాజాన్‌కు సైకిలు షాపు ఉండేది. తొమ్మిది అద్దె సైకిళ్లు. వెనుక మడ్‌గార్డుల మీద ఒకటి నుండి తొమ్మిది వరకు తెల్లరంగుతో అంకెలు. గంటకు అర్ధరూపాయి. 1985లో మా వీధివాడొకరు కువైట్ నుండి సెలవు మీద వస్తూ కొడుకు కోసము ఒక చిన్న సైకిలు తెచ్చాడు. నిలువెల్లా క్రోము పూత. గొట్టములకు మెత్తని దిండ్లు, ముందు ఒక అంకె పలక. విప్పి పెట్టెలో తెచ్చినదానిని బిగించమని షాపులో ఇచ్చాడు. అబ్బాజాన్ సాయంత్రానికి బిగించి, మరునాడు ఉదయము పట్టుకుపొమ్మని చెప్పి, షాపులోనే ఉంచారు. తాళపుచెవి నా దగ్గర ఉండేది. నాకప్పుడు పదహారేండ్లు.

ఆ రాత్రి వెన్నెల. సైకిలును మైదానమునకు తీసుకొనిపోయాను. ముందు చక్రము లేపాను, వెనుక ఇరుసు మీద కాలు పెట్టి నిలబడ్డాను. ఎవరూ నేర్పకుండనే ఏదో వచ్చినట్లనిపించింది. ఆ గర్వముతో మెట్ల మీద నుండి దూకించాను. ఒకసారి కాదు, చాలసార్లు. తెచ్చి యథాస్థానములో పెట్టి, తుడిచి, పడుకొన్నాను.

ఉదయము అబ్బాజాన్ ఏమీ అనకుండ ఫ్రేము చుట్టూ ఒకసారి చేయి పోనిచ్చారు. తలగొట్టము క్రింద ఆగారు. కిరసనాయిలు గుడ్డతో తడిపి, కాసేపు ఉంచి, ఆరతుడిచి, సుద్దముక్కతో రుద్దారు. బీడీ ఒకటి పూర్తి అయ్యేసరికి తెల్లని సుద్ద మీద వెంట్రుక వంటి తడిగీత బయటపడింది. పగులులోకి దిగిన నూనె మళ్లీ పైకి ఉబికి సుద్దను తడుపుతుంది, అంతే రహస్యము. నా వైపు చూచారు. కొట్టలేదు. సైకిలు యజమాని వచ్చినప్పుడు, "మా వాడు చెడగొట్టాడు, తప్పు మాది" అని ఉన్నమాట చెప్పారు. గ్యాసు వెల్డింగు పెట్టించారు. ఆ వేడికి క్రోము నల్లబడింది. పైన వెండిరంగు పూయించారు. ఆ పిల్లవాడు వెండిరంగు మచ్చను వ్రేలితో తడుముతూ సైకిలును నడిపించుకొని పోవడము నేను షాపు లోపలి నుండి చూచాను. నష్టపరిహారము ఎంత ఇచ్చారో నాకు చెప్పలేదు. కాని ఆ నెల తరువాత మా షాపులో ఏడు, ఎనిమిది అంకెల సైకిళ్లు కనబడలేదు. అమ్మీని అడిగితే, "నీకెందుకు, చదువుకో" అన్నది.

అబ్బాజాన్ ఆ సంగతి తిరిగి ఎన్నడూ ఎత్తలేదు. వారము గడిచాక మాత్రము ఒక ఫ్రేము ముందు పెట్టుకొని, "దారము పట్టుకో" అన్నారు. ఫ్రేము వంకర కనిపెట్టే విద్య ఆ రోజు నేర్పారు. వారు 2009లో పోయారు. ఆ రాత్రి గురించి నేను వారితో ఒక్క మాట కూడ చెప్పుకోలేదు.

యార్క్ గ్యారేజీలో మేకుకు వ్రేలాడినది నా కంటికి ఆ కువైట్ సైకిలు. 650 డాలర్లు పెట్టి నేను కొనబోయినది ఫ్రేమును కాదు.

అయినా మరొకసారి వెళ్లాను, ఈసారి ఒంటరిగా. కొనేముందు పరీక్ష చేసుకోవచ్చునా అని ఆ పెద్దమనిషిని అడిగాను. మా కర్మాగారములో ఇందుకు ఎర్రని ద్రవము, తెల్లని పొడి ఉన్నాయి. సూత్రము అదే. వాటిని ఇంటికి తెచ్చుకొనే హక్కు నాకు లేదు. అందుకని దుకాణములో కొన్న కిరసనాయిలు సీసా, ఒక సుద్దముక్క తీసుకొనిపోయాను. అతుకులన్నిటిని తడిపాను. ఇద్దరము కాఫీ త్రాగుతూ అరగంట పాత రోజుల ముచ్చట్లు చెప్పుకొన్నాము. తుడిచి సుద్ద రుద్దాను. వెనుక అతుకులు బాగున్నాయి. పెడళ్ల గూడు బాగున్నది. తలగొట్టము క్రింద, క్రింది గొట్టము కలిసేచోట, గీత కనబడింది. పొడవు అంగుళములో మూడవ వంతు ఉంటుంది.

అతడు కళ్లద్దములు పెట్టుకొని చాలసేపు చూచాడు. ఆ ఫ్రేము మీద అతడు ఆరేండ్లు తొక్కాడట. తయారుచేసినవారిని నేను తప్పుపట్టడము లేదు. నలువది ఏండ్లనాటి ఉక్కు, ఎన్ని వేల దెబ్బలు తిన్నదో. క్రోము పూత పైకి మెరుస్తూ ఉంటుంది కనుక లోపలి సంగతి కంటికి కనబడదు. "దీనిని ఇక ఎవరికీ అమ్మను" అన్నాడు అతడు. నేను లేచి వస్తుంటే, ఆ సుద్దముక్క ఉంచిపొమ్మన్నాడు. ఇంకా రెండు ఫ్రేములు ఉన్నాయట.

క్రొత్త ఫ్రేముకు ఆ రాత్రే ఆర్డరు పంపాను. నలుపు రంగు, మెరుపు లేదు. నాకు నచ్చలేదు. నచ్చవలసినది నాకు కాదు కదా.

పెట్టె వచ్చిన రోజు మా అబ్బాయి వెంటనే బిగించబోతుంటే ఆపాను. మా ఆవిడ కుట్టుపెట్టెలో నుండి దారము తీసుకొని, "దారము పట్టుకో" అన్నాను. వెనుక ఇరుసు బిగించే ఒక చెవికి దారము కట్టించి, తలగొట్టము చుట్టూ త్రిప్పి, రెండవ చెవి దాకా లాగి కట్టాము. నడుమ ఉన్న సీటు గొట్టమునకు, దారమునకు మధ్య ఎడము రెండు వైపులా కొలవాలి. ఎడమ వైపు, కుడి వైపు తేడా అర మిల్లీమీటరు. క్రొత్తదానిలో అంత తేడా ఉన్నా పరవాలేదని చెప్పాను. వాడు మళ్లీ తనే కొలిచి చూచుకొని, "ఇది మీకెవరు నేర్పారు?" అని అడిగాడు.

నేలమీద కూర్చొని మొత్తము చెప్పాను. మైదానము, మెట్లు, సుద్ద మీద గీత, వెండిరంగు మచ్చ, కనబడకుండ పోయిన ఏడు, ఎనిమిది అంకెల సైకిళ్లు. మా ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు. వాడు మధ్యలో అడ్డురాలేదు. చివర ఒకటే అడిగాడు: "దాదాజాన్ ఎందుకు కొట్టలేదు?"

"దారము విప్పు, చిమటా ఎక్కిద్దాము" అన్నాను. బేరింగులు కూర్చోబెట్టి, క్రాంకులు బిగించి, గొలుసు ఒక కన్నె తగ్గించి వేసేసరికి చీకటి పడింది. వాడు వీధి దీపము క్రిందికి తీసుకొనిపోయి, వెనుక చక్రము మీద రెండు చుట్లు తిరిగి, మూడవ చుట్టులో పడ్డాడు.